రేడియో పెట్టెల అసలు రంగు

నిరుడు హనుమకొండలో ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచి, ఇళ్ళ అలంకరణ చదువుకునే పిల్లలకు నా పని గురించి అరగంట మాట్లాడమన్నారు. పది నిమిషాలు మాట్లాడాక మైకు పాడైంది. అది బాగయ్యేలోపు ప్రిన్సిపాల్ గారికి వేరే పని గుర్తొచ్చి, నాకు శాలువా కప్పి ఫొటో తీయించి పంపేశారు. శాలువా పాలిస్టర్. పాలిష్ గుడ్డకి కూడా పనికిరాదు. ఆ రోజు మిగిలిపోయిన ఇరవై నిమిషాల మాటలు ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సరోజన. ముప్పై ఎనిమిదేళ్ళు వరంగల్‌లో పాత రేడియోల చెక్క పెట్టెలకు పాలిష్ చేశాను. రేడియో అంటే జేబులో పట్టేది కాదు. ఇద్దరు మోసే బరువుండి, బీరువా పక్కన దర్జాగా కూర్చునే కాలం నాటివి. వాటి లోపలి సంగతి నాకు ఈ రోజుకీ తెలియదు. పాట రావడం లేదని ఎవరైనా అంటే మెకానిక్ దగ్గరికి పొమ్మనేదాన్ని. పెట్టె మాత్రమే నాది. పోయిన ఏడాది దవాఖానలో డాక్టర్ గారు స్పిరిట్ వాసనకు దూరంగా ఉండమన్నారు. ఇక దూరంగా ఉండి చేసే పని రాయడం ఒకటే కదా.

గంజి

మాది కొత్తవాడ. నాన్న మగ్గం నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక పొద్దున ఖాదర్ ఉస్తాద్ మా గుమ్మంలో నిలబడ్డాడు. మండీ బజార్ వెనక సందులో ఆయనకు పాలిష్ దుకాణం ఉండేది. చేతులు మోచేతుల దాకా గోధుమ రంగు. అది పుట్టు రంగు కాదని నాకు తర్వాత తెలిసింది. చేతిలో ఒక గుడ్డ పట్టుకుని నాన్నను నిలదీశాడు.

"మీ దగ్గర కొన్న బట్టనే ఇది. పాలిష్ పెడ్తె చెక్క మీద గరుకు లేస్తాంది. ఏం బట్ట నేస్తాండ్రు మీరు?"

మా ఇంట్లో నాన్న నేతకు వంకపెట్టడం దేవుణ్ణి తిట్టడం కంటె పెద్ద నేరం. నాన్న మగ్గం గుంటలోంచి పైకి లేచేలోపు నేనే ఆ గుడ్డ అందుకుని నలిపి చూశాను.

"ఇండ్ల గంజి పోలేదు కాకా. కొత్త బట్టను ఉతకకుంట వాడినవ్. గంజి పొడి రాలి నీ చెక్కకు అంటుకుంటాంది."

"మరి ఏ బట్ట వాడాలె?"

"ఏండ్లకేండ్లు ఉతికిన పాత పంచె. గంజి ఉండొద్దు, నూగు ఉండొద్దు."

ఉస్తాద్ నన్నూ గుడ్డనూ మార్చి మార్చి చూశాడు. "అసొంటి పంచె ఒకటి పట్టుకోని రేపు దుకాణంకు రా," అన్నాడు.

పంచె ఇచ్చి రావడానికి వెళ్ళినదాన్ని అక్కడే ఉండిపోయాను. ఆ నెలలో నాన్నకు రెండు పంచెలు తగ్గాయి.

ఆడమనిషి పాలిష్ పెడుతుందంటే నమ్మనివాళ్ళు చాలామంది వచ్చేవాళ్ళు. "మేస్త్రి లేడా?" అని అడిగేవాళ్ళు. "నేనే," అనేదాన్ని. "సరే, వచ్చినంక కలుస్త," అని స్టూలు మీద కూర్చునేవాళ్ళు. ఒకాయన అట్లా గంటసేపు కూర్చుని, నా ఎదురుగానే రెండు చాయ్‌లు తాగి, మేస్త్రి రాలేదని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేనేమీ బాధపడలేదు. ఆ రెండు చాయ్‌లూ ఆయన లెక్కలోనే పోయాయి.

చూడు అనే చదువు

ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నానని అందరికీ చెప్తుంటాను. నిజానికి ఆయన నేర్పలేదు. "చూడు" అనేవాడు, అంతే. లక్క పలుకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టడం, గుడ్డలో దూది పెట్టి ఉండ కట్టడం, ఆ ఉండతో చెక్క మీద సున్నాలు చుట్టుకుంటూ పోవడం. చెయ్యి ఆగితే అక్కడే మచ్చ. ఇదంతా చూసి పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నోరు విప్పి చెప్పి ఉంటే ఆరు నెలల్లో వచ్చేది. గురువు ఏమీ చెప్పకుండానే అన్నీ నేర్పాడని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అందులో గొప్పేమీ లేదు, అది బద్ధకం. ఉస్తాద్ చెయ్యి పట్టులాంటిది, నోరు మాత్రం చాయ్ తాగడానికీ, వానను తిట్టడానికీ తప్ప తెరుచుకునేది కాదు. వానాకాలంలో లక్క పాలిష్ పెడితే గాలిలో తడి పట్టి తెల్లగా పొగ కమ్ముతుంది. అందుకని ముసురు పట్టినన్ని రోజులూ ఆయన పని ఆపేసి, గుమ్మంలో కూర్చుని ఆకాశాన్ని ఉర్దూలో తిట్టేవాడు.

ఆయన చెప్పని సంగతులు మీకు నేను చెప్తాను.

పాత రేడియో పెట్టె మొత్తం మంచి చెక్క అనుకోకండి. లోపల మామూలు ప్లైవుడ్. దాని మీద కాగితమంత పలచని మంచి చెక్క పొర అతికిస్తారు. ఆ పొర మీద పాలిష్. మీరు ఉత్సాహంగా గరుకు కాగితం తీసుకుని నాలుగుసార్లు రుద్దితే ఆ పొర ఎగిరిపోతుంది. పోయిందాన్ని తెచ్చే మందు లేదు.

ముందుగా వెనకవైపు మూలన స్పిరిట్ దూదితో రుద్ది చూడండి. జిగురుగా కదిలితే అది లక్క. స్పిరిట్‌కి లొంగక థిన్నర్‌కి కదిలితే లాకర్, అంటే కంపెనీల్లో కొట్టే వార్నిష్. రెండిటికీ కదలకపోతే, మధ్యలో ఎవరో మీలాంటి ఉత్సాహవంతుడు తనకు తోచింది పూశాడని అర్థం.

చాలా పెట్టెలకు స్నానం చేయిస్తే చాలు, ఆపరేషన్ అక్కర్లేదు. వాటి మీద ఉండే నలుపు పాడైన పాలిష్ కాదు, ఏళ్ళ తరబడి పట్టిన అగరొత్తుల పొగ. మనవాళ్ళు రేడియోకి కూడా బొట్టు పెట్టి దండం పెట్టారు కదా. ఒక పక్కన చెవి ఎత్తులో కొబ్బరినూనె మరక కనిపిస్తే, ఇంట్లో పెద్దాయన నిద్రపోయాక ఎవరో సౌండు తగ్గించి, చెవి ఆనించి పాటలు విన్నారని అర్థం. అట్లాంటి మరకలు నేను ఎన్నో తుడిచాను. ఎవరిదని ఏ ఇంట్లోనూ అడగలేదు.

కోడి ఈక

నేను చేసిన పెద్ద తప్పు మూడో ఏట చేశాను. అప్పటికి నాకు పని వచ్చేసిందని నమ్మకం కుదిరింది. ఈ పనిలో అన్నిటికంటె ప్రమాదకరమైన ఏడాది అదే.

సత్యనారాయణ గారని, సర్కారు నౌకరీ చేసి దిగిన పెద్దమనిషి ఒకాయన రేడియో తెచ్చారు. ముందువైపు మూడు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ. అందులో చెక్క గీతలు సుడులు తిరిగి, నెమలి కన్నుల్లా ఉన్నాయి. పైన పాలిష్ తెల్లబారింది. ఉస్తాద్ చుట్టాల పెళ్ళికి జనగామ వెళ్ళాడు. పాత పాలిష్ మొత్తం తీసేసి, ఆయన వచ్చేసరికి కొత్తది పెట్టి మెప్పు పొందుదామనుకున్నాను. థిన్నర్ గుడ్డ తడిపి, ఆ పట్టీ మీద ఒక్క తుడుపు తుడిచాను. గుడ్డ తీసి చూస్తే నెమలి కన్నులన్నీ గుడ్డకు వచ్చేశాయి. పెట్టె మీద మిగిలింది అప్పడాల పీటలాంటి తెల్ల చెక్క.

అది అసలు చెక్క గీతలే కాదు. కంపెనీవాడు మామూలు చెక్క మీద గీతలు అచ్చువేసి, పైన పాలిష్ కొట్టి అమ్మాడు. ఆ సంగతి ఆ క్షణాన నాకు తెలియదు. చెక్కలో ఉన్న గీతల్ని తుడిచేయగలిగిన మొదటి మనిషిని నేనేననుకుని గోడకు చేరగిలబడి కూర్చున్నాను. ఉస్తాద్ తిరిగొచ్చేదాకా, రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆయన వచ్చి గుడ్డ చూశాడు, పెట్టె చూశాడు. తిడతాడనుకున్నాను. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

"పౌడర్ తుడిచి ముఖం కోసం ఎతుకుతాన్నవా సరోజనా? దానికి పుట్టిన కాంచి ముఖమే లేదు. కంపెనీవోడు నీకంటె పెద్ద దొంగ."

"ఇప్పుడెట్ల ఉస్తాద్?"

"కోడి ఈకలు తీస్కరా."

కోడి ఈక అంచుతో, పలచని రంగుతో, ఒక్కో గీతా తిరిగి వేయడం ఆయన చూపించాడు. జీవితంలో ఆయన నాకు చేతులు పట్టుకుని నేర్పిన పని అదొక్కటే. తొమ్మిది రోజులు పట్టింది. మొదటి నాలుగు రోజులు నా నెమలి కన్నులు కోడి కన్నుల్లాగే ఉన్నాయి. తొమ్మిదో రోజుకి అసలుదానికి దగ్గరగా వచ్చాయి. ఇక్కడ అసలు అంటే కంపెనీవాడి నకలు అని గుర్తుపెట్టుకోండి.

సత్యనారాయణ గారు వచ్చి, అద్దాలు పైకి నెట్టి, ఆ పట్టీని వేలితో నిమిరారు. "చూసినవా అమ్మా, పాత చెక్క పాత చెక్కనే. ఇసొంటి గీతలు మనిషన్నోడు గీయగలుగుతడా?" అన్నారు. ఉస్తాద్ నా కాలు తొక్కాడు. నేను నోరు మూసుకున్నాను. భయం సగం. మిగతా సగం గర్వమని ఒప్పుకోవాలి.

అది మూడేళ్ళు నన్ను తింటూనే ఉంది. ఒకసారి సత్యనారాయణ గారు బజారులో కలిసి మళ్ళీ ఆ గీతల్ని పొగుడుతుంటే ఉండబట్టక మొత్తం చెప్పేశాను. ఆయనకు కోపం రాలేదు. ముఖం చిన్నబోయింది. "నాకెందుకు చెప్పినవమ్మా? మూడేండ్ల నుంచి మంచిగ ఉంటిని," అన్నారు.

నిజం చెప్తే జనం మెచ్చుకుంటారని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. అయినా చెప్పండి. నాలాగా మూడేళ్ళు ఆగకుండా మొదటి రోజే చెప్పండి. అప్పుడు వాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటూ ఇంటికి పోతారు, మీరు అన్నం తింటారు.

పాతదనం కావాలన్నవాళ్ళు

ఉస్తాద్ పోయాక దుకాణం నేను నడిపాను. చివరి పదేళ్ళలో గిరాకీలు మారిపోయారు. తాత రేడియో తెచ్చేవాళ్ళు తగ్గి, హైదరాబాద్ నుంచి కాఫీ హోటళ్ళు పెట్టేవాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళకు రేడియో అక్కర్లేదు, దాని ముఖం ఉంటే చాలు. ఒకాయన కొత్తగా చేయించిన డబ్బా తెచ్చి, గొలుసుతో కొట్టి పాతదానిలా చేయమన్నాడు. గొలుసు ఆయన చేతికే ఇచ్చి, కొట్టుకొమ్మని చెప్పి నేను చాయ్ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన చెమటలు కక్కుతూ, చాలా సంతోషంగా ఉన్నాడు. మనిషికి అప్పుడప్పుడు ఏదో ఒకదాన్ని కొట్టాలనిపిస్తుంది, దానికి వింటేజ్ అని పేరు పెట్టుకున్నారు.

నీలం

ఇక చివరి పెద్ద పని. ఊరి పేరు చెప్పను. హైదరాబాద్ రోడ్డు మీద రఘునాథపల్లి దగ్గర దిగి లోపలికి వెళ్ళాలి. అంతవరకు చాలు.

ఒక రోజు దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగింది. ముందు సీట్లోంచి ఆ ఊరి సర్పంచ్ మంజుల దిగింది. ముప్పై ఐదేళ్ళుంటాయి, మాటలో తొందర, చేతిలో రెండు ఫోన్లు. వెనక దుప్పట్లో చుట్టిన పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన మల్లయ్య. పంచాయతీ ఆఫీసులో నౌకరుగా చేసి దిగిన మనిషి.

"అక్కా, ఇది మా ఊరి పంచాయతి రేడియో," అంది మంజుల. "ఒకప్పుడు గవర్నమెంటోల్లు ఊరికి ఇచ్చిండ్రు. పొద్దుమీకితె ఊరంత ఆఫీసు ముంగట కూసోని ఇనేదట. కొత్త బిల్డింగ్ ఓపెనింగ్ ఉన్నది, అద్దాల బీరువల పెడ్తం. రంగులన్ని తీసేసి అసలు చెక్క కనిపియ్యాలె. మా మల్లయ్య తాతనే దీన్ని ఇన్నేండ్లు కాపాడిండు. ఆయనతోనే రిబ్బన్ కట్ చేపిస్తన్నం."

మల్లయ్య దుప్పటి మడత పెట్టుకుంటున్నాడు.

పెట్టె మీద గోధుమ రంగు ఎనామిల్ దట్టంగా ఉంది. మూలన గీకి చూస్తే దాని కింద పసుపు. పసుపు కింద ఆకుపచ్చ. దాని కింద ఎరుపు. కొత్త సర్పంచ్ వచ్చినప్పుడల్లా రేడియోకి కొత్త రంగు వేయించడం ఆ ఊరి ఆనవాయితీ అట. ఏ రంగు ఎవరిదో నన్నడగకండి. ఆ ఊళ్ళో అడిగితే చెప్తారు, ఆ తర్వాత కొట్టుకుంటారు.

మొదటి వారంలోనే నాకు ఒక ఫోన్ వచ్చింది. మాజీ సర్పంచ్ కొడుకునని చెప్పాడు.

"మా నాయిన ఏపిచ్చిన పచ్చ రంగును గీకుతాన్నవట?"

"గీకుడు అయిపోయింది సార్."

"ఎవల్నడిగి గీకినవ్?"

"పచ్చ కింద ఎర్ర ఉన్నది సార్. ఆ ఎర్ర ఏపిచ్చినాయనను మీ నాయిన అడిగిండా?"

ఫోన్ పెట్టేశాడు.

మల్లయ్య మాత్రం రెండు రోజులకోసారి బస్సెక్కి వచ్చేవాడు. వచ్చేటప్పుడు పల్లికాయ తెచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని, "ఎందాక వచ్చింది బిడ్డా?" అని అడిగేవాడు. పసుపు దాకా అంటే తలూపేవాడు. పచ్చ దాకా అంటే తలూపేవాడు. పాత వస్తువు మీద ప్రేమ అనుకుని, ఒక్కోసారి చేతికి గుడ్డ ఇచ్చి తుడవమనేదాన్ని. ఆయన గుడ్డ పట్టుకునేవాడు, తుడిచేవాడు కాదు.

ఎరుపు పోయి నీలం కనిపించిన రోజు ఆయన స్టూలు మీంచి లేచాడు.

"ఇగ సాలు బిడ్డా. నీలం మంచిగనే ఉన్నది. ఇక్కడికి ఆపు."

"దీని కింద అసలు పాలిష్ ఉంటది తాతా."

"ఏం లేదు. సాలు."

సాయంత్రం బస్సుకు ఆయన్ని పంపేసి, మర్నాడు వెనకవైపు రూపాయి బిళ్ళంత మేర నీలం గీకాను. కింద లక్క లేదు, లాకర్ లేదు, పలచని చెక్క పొర లేదు. నీలం నేరుగా చెక్క రంధ్రాల్లోకి దిగి ఉంది. అది మామిడి చెక్క. రందా పట్టిన గుర్తులు చేతికి తగులుతున్నాయి. మేకులు చూస్తే ఊరి సంతలో దొరికే మేకులు. లోపల చిన్న రేడియో ఒకటి, దాని ముఖం పెట్టె కంతకు సరిపోక చుట్టూ డబ్బా రేకు కత్తిరించి నింపారు, అంతదాకా దాన్ని ఎవరో రిపేరువాడి పని అనుకున్నాను. ఏ కంపెనీ కూడా ఇట్లాంటి పెట్టె చేయదు. ఎవరో ఊరి వడ్రంగి, అసలు రేడియో చూసి, గుర్తుపెట్టుకుని చేసిన పెట్టె ఇది. మంచి పనివాడే, కాని పాలిష్ ఎరగడు.

మళ్ళీ మల్లయ్య వచ్చినప్పుడు పల్లికాయ తీసుకుని పక్కన పెట్టాను.

"తాతా, ఇది కంపెనీ డబ్బ కాదు."

ఆయన రోడ్డువైపు తిరిగాడు. అటు చూస్తూనే చెప్పాడు.

అప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ళు. పొద్దుగూకాక పంచాయతీ గది తెరిచి రేడియో పెట్టడం, వార్తలయ్యాక ఆపి తాళం వేయడం ఆయన పని. ఊరి దొరే సర్పంచ్. ఆ రేడియో మీద దొరకు మనసైంది. ఒక రోజు, రిపేరుకు వరంగల్ పంపుతున్నామని ఊరికి చెప్పించి, ఎడ్లబండి మీద పెట్టించాడు. బండి వరంగల్ వైపు పోలేదు, దొర ఉండే గడికి పోయింది. రెండు నెలల తర్వాత వడ్రంగి నర్సయ్యతో ఈ పెట్టె చేయించి, లోపల చిన్న రేడియో బిగించి పంపాడు.

"నన్ను పిలిచి రంగెయ్యిమన్నడు," అన్నాడు మల్లయ్య. "ఏం రంగు దొరా అన్న. ఏదన్న ఎయ్యి, చెక్క కనవడొద్దు అన్నడు. బడి తలుపులకు తెచ్చిన నీలం మిగిలి ఉండె. అదే ఏసిన."

"ఊరోల్లు అడగలేదా?"

"రిపేర్ చేసి రంగు సుత ఏసిండ్రనుకున్నరు. పాట అస్తాంది గద, సాలనుకున్నరు. ఆ ఏడే నా నౌకరి పర్మినెంట్ అయింది బిడ్డా. నోరు సుత పర్మినెంట్‌గ బందయింది."

నాకు అప్పుడర్థమైంది. ఒక దొంగతనం కనబడకుండా వేసిన మొదటి రంగు తర్వాతి సర్పంచులందరికీ ఆనవాయితీ అయిపోయింది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"మైకుల నా పేరు చెప్తరట. రేడియోను కాపాడిన మల్లయ్య అని చప్పట్లు కొడ్తరట. నేను ఆడ ఎట్ల నిలవడాలె చెప్పు."

నాకు మొదట తోచింది ఏమిటో దాచకుండా రాస్తాను. దీని మీద మంచి చెక్క పొర అతికించి, కోడి ఈకతో గీతలు దిద్ది, లక్క కొట్టి ఇస్తే ఎవరికీ తెలియదు. మంజుల సంతోషిస్తుంది, ముసలాయన పరువు నిలుస్తుంది. పదిహేను రోజుల పని. అదే ఆయనతో అన్నాను.

మల్లయ్య నావైపు తిరిగి చూశాడు. "మల్ల ఇంకో రంగా బిడ్డా?" అన్నాడు.

అంతకుముందు ఎవరూ నా పనిని అంత చిన్న మాటతో కొట్టలేదు.

"సరే, వద్దు," అన్నాను. "ఎల్లుండి మంజుల వస్తది. ఇది కంపెనీ డబ్బ కాదని నేను చెప్త. అబద్ధం చెప్పను. కని నీ పేరు నా నోటెంట రాదు. అది నీ ఇష్టం."

ఆ రోజు ఆయన మంజుల కంటె ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మంజుల రాగానే, నేను నోరు తెరవకముందే, లేచి నిలబడి మొత్తం చెప్పేశాడు. కూర్చొమ్మంటే కూర్చోలేదు. ఆమె రెండు ఫోన్లూ మోగుతున్నాయి, ఎత్తలేదు.

"అప్పుడు నీకు ఎన్నేండ్లు తాతా?" అంది చివరికి.

"ఇరువై."

"ఇరువై ఏండ్లప్పుడు నేను మా అత్తకు సుత ఎదురు చెప్పలే," అంది మంజుల. కొంచెం ఆగి, "రిబ్బన్ నువ్వే కట్ చేస్తవు. ఫికర్ చేయకు. కని మైకుల నువ్వే చెప్పాలె," అని, నావైపు తిరిగింది. "అక్కా, మరి దీనికి అసలు రంగు ఏది?"

"నీలమే. ఈ చెక్క పుట్టినంక దాని మీద పడ్డ మొదటి రంగు అదే."

"అయితె నీలమే ఉండనీ."

బడి తలుపుల నీలం కోసం నేను మూడు రోజులు రంగులు కలిపాను. ముప్పై ఎనిమిదేళ్ళు లక్కతో, స్పిరిట్‌తో కుస్తీ పట్టినదాన్ని, చివరికి ఎనామిల్ డబ్బా ముందు కూర్చుని చెమటలు పట్టించుకున్నాను. గీకినచోట కొత్తది, మిగతాచోట మల్లయ్య వేసిన పాతది. రెండూ కలిసిపోయేదాకా వదల్లేదు. ఒక మూలన ఆయన కుంచె వెంట్రుకలు రంగులో అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని తీయలేదు.

పెట్టె పక్కన పెట్టడానికి మంజుల ఒక అట్ట రాయించింది. ఇది మన ఊరి వడ్రంగి నర్సయ్య చేసిన పెట్టె, రంగు వేసినవారు మల్లయ్య, ప్రభుత్వం ఊరికి ఇచ్చిన రేడియోను అప్పటి దొర తీసుకుపోయారు, అని. "తీసుకుపోయారు" అనాలా "ఎత్తుకుపోయారు" అనాలా అని పంచాయతీలో ఒక పూటంతా వాదన జరిగిందట. మర్యాద గెలిచింది.

ఓపెనింగ్ రోజు నేను బస్సులో వెళ్ళాను. మల్లయ్య రిబ్బన్ కత్తిరించి మైకు తీసుకున్నాడు. నాలుగు మాటల్లో చెప్పాడు. జనంలో సగంమందికి వినపడలేదు, వాళ్ళకు మిగతా సగంమంది చెప్పారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియక, కొందరు కొట్టారు. మాజీ సర్పంచ్ కొడుకు నీలాన్ని పరీక్షగా చూసి, పచ్చే బాగుండేదని నా చెవిలో అన్నాడు.

అప్పుడు హైదరాబాద్ కారొకటి ఆగింది. కొత్త ఆఫీసుకు కుర్చీలు ఇప్పించిన పెద్దమనిషి, చిన్నప్పుడే ఊరు విడిచినవాడు, ఆలస్యంగా వచ్చాడు. దండ వేయించుకుని, గదంతా చూస్తూ అద్దాల బీరువా ముందుకొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని అట్ట మొత్తం చదివాడు.

"ఇంట్రెస్టింగ్," అన్నాడు. "ఎవరీ దొర?"

మంజుల ఫోన్‌లో ఏదో వెతకసాగింది. మిగతావాళ్ళు ఫ్యాన్ వైపు చూశారు. మల్లయ్య చేతిలో రిబ్బన్ కత్తెర ఇంకా అట్లాగే ఉంది.

"మీ తాతనే," అన్నాడు.

ఆ పెద్దమనిషి మళ్ళీ అట్ట చదివాడు. ఈసారి నెమ్మదిగా. కోప్పడతాడనుకున్నాను. మెడలో దండ తీసి చేతికి చుట్టుకున్నాడు.

"మా ఇంట్లో ఒక పెద్ద రేడియో పెట్టె ఉంది," అన్నాడు. "అది ఈ ఊరిదని నాకు తెలియదు. మా ఆవిడ లోపలిదంతా తీయించి, గాజు పెట్టించి, చేపల తొట్టి చేసింది."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ఆ వెంటనే గదంతా నవ్వింది. ఆయన కూడా, ముఖం ఎర్రగా చేసుకుని, కాస్త నవ్వాడు. మల్లయ్య నవ్వలేదు. ఒక అడుగు ముందుకు వేసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"చేపలు మంచిగున్నయా?"

"బాగున్నాయి," అన్నాడాయన.

మల్లయ్య తలూపి, కత్తెరను మంజుల చేతిలో పెట్టాడు. తర్వాత అందరం భోజనాలకు లేచాం.